1.5 టన్ను ఏసీ మధ్యాహ్నం చల్లబరచదు, రాత్రి చెమ్మ వదలదు: 2 టన్నులకు మారాలా?

మిద్దెగది:

పై అంతస్తు గది. 4.5 × 3.6 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. పైన 150 మి.మీ. కాంక్రీటు స్లాబు, దాని మీద ఏ పొరా లేదు. పడమటి గోడ (4.5 మీ.), దక్షిణపు గోడ (3.6 మీ.) ఎండకు ఉన్నాయి, మిగతా రెండూ లోపలి గోడలు. అన్నీ 230 మి.మీ. ఇటుక. పడమట 1.8 × 1.2 మీ. కిటికీ, మామూలు ఒంటి అద్దం. మనుషులు ఇద్దరు.

ఏసీ 1.5 టన్ను స్ప్లిట్, ఇన్వర్టర్ (కంప్రెసర్ వేగాన్ని అవసరాన్నిబట్టి తగ్గించుకునేది) కాదు, గ్యాస్ ఆర్410ఏ, నాలుగేళ్లది.

ఇబ్బందులు రెండు. బయట 39, 40 డిగ్రీలున్న మధ్యాహ్నం 24కి పెట్టినా గది 28 దగ్గరే ఆగిపోతోంది, కంప్రెసర్ కట్ అవ్వనే అవ్వదు. రాత్రి అంతా తలకిందులు. గది 25కి ఇట్టే వచ్చేస్తుంది, కానీ ఒళ్లు జిడ్డుగా, దుప్పటి చెమ్మగా ఉంటుంది. అప్పుడు కంప్రెసర్ 5 నిమిషాలు నడిచి 12 నిమిషాలు ఆగుతోంది. ఒక మెకానిక్ గ్యాస్ తగ్గిందన్నాడు, ఇంకొకాయన 2 టన్నులు వేయమన్నాడు. ఎవరి మాట వినాలి?

అరటన్ను:

174 చదరపు అడుగులు, పై అంతస్తు, పైగా పడమటెండ. 2 టన్నులు వేసేయండి. ఇందులో లెక్కలేముంది?

తడిబల్బు:

అరటన్ను గారూ, రాత్రి 5 నిమిషాలకే ఆగిపోతున్న మెషీన్‌ను ఇంకా పెద్దది చేస్తే 4 నిమిషాలకే ఆగుతుంది. జిడ్డు పెరుగుతుంది. లెక్క వేద్దాం, పది నిమిషాల పని.

ముందు టన్ను సంగతి. 2,000 పౌండ్ల మంచును 24 గంటల్లో కరిగించే వేడి ఎంతో అది ఒక టన్ను. గంటకు 12,000 బీటీయూ, అంటే 3.517 కిలోవాట్లు. 1.5 టన్నులంటే 5.2 కిలోవాట్లకు కాస్త పైన. గదిలోకి వేడి వాట్లలో వస్తుంది, చదరపు అడుగుల్లో రాదు. అందుకే నేల వైశాల్యంతో వేసే లెక్క స్లాబునీ అద్దాన్నీ గాలికి వదిలేస్తుంది.

గోడ, స్లాబు, అద్దం దేనికైనా సూత్రం ఒకటే: యూ విలువ (ఒక డిగ్రీ తేడాకు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్లు పోతాయో) × వైశాల్యం × ఉష్ణోగ్రతల తేడా. బయట 40, లోపల 25 అనుకుందాం. ఎండ తగిలే చోట గాలి తేడా 15 వేస్తే చాలదు, ఉపరితలం గాలికంటే బాగా కాలుతుంది. అందుకని స్లాబుకు 25, పడమటి గోడకు 18 వేస్తున్నాను.

స్లాబు: 3 × 16.2 × 25 = 1,215 వాట్లు
పడమటి గోడ, కిటికీ తీసేసి: 2 × 11.3 × 18 = 407
దక్షిణపు గోడ: 2 × 10.8 × 15 = 324
అద్దం గుండా గాలి వేడి: 5.7 × 2.16 × 15 = 185
అద్దం గుండా ఎండ: 2.16 × 450 = 972
సందుల్లోంచి వచ్చే గాలి, గంటకు గది ఘనపరిమాణంలో 0.7 వంతు: 0.33 × 0.7 × 48.6 × 15 = 168
ఇద్దరు మనుషులు: 150
దీపాలు, ఫ్యాను, టీవీ: 150

మొత్తం 3,571 వాట్లు. ఇది పొడి వేడి, అంటే గది ఉష్ణోగ్రతను పెంచేది. దీనికి తేమ భారం, అంటే గాలిలోని తేమను నీళ్లుగా మార్చి తీయడానికయ్యేది, కలపాలి. కూర్చున్న మనిషి నుంచి 55 వాట్ల చొప్పున 110, సందుల గాలి తెచ్చే తేమకు ఒక 210. అంతా కలిపి 3,900 వాట్ల దరిదాపు. 1.1 టన్ను.

అంటే మండే మధ్యాహ్నానికి కూడా మీ 1.5 టన్ను చాలి మిగలాలి. చాలడం లేదంటే మెషీన్ 1.5 టన్ను ఇవ్వడం లేదు. మార్చాల్సింది సైజు కాదు, ముందు రోగం తేలాలి.

అరటన్ను:

450, 25, 18... ఇవన్నీ ఊహలేగా? నా ఉజ్జాయింపు లెక్క కూడా ఊహే. తేడా ఏముంది?

తడిబల్బు:

తేడా ఉంది. మీ లెక్కలో తప్పు ఎక్కడుందో వెతకడానికి చోటు లేదు. నా లెక్కలో ఏ వరుస తప్పో పట్టుకుని దిద్దొచ్చు, ఏ వరుస మీద పని చేస్తే ఎంత మిగులుతుందో కూడా కనబడుతుంది. ఇక్కడ స్లాబు, అద్దంలో ఎండ, ఈ రెండే 2,187 వాట్లు. సగానికి పైగా. స్లాబు మీద 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ పలకలు (వేడిని ఆపే గట్టి నురగ పలకలు) పరిస్తే యూ విలువ 3 నుంచి 0.55కి దిగుతుంది, 1,215 కాస్తా 223 అవుతుంది. కిటికీకి బయట నీడ కడితే 972లో పావు వంతు మిగులుతుంది. ఈ రెండూ చేస్తే గది మొత్తం భారం 2,170 వాట్లు. 0.62 టన్ను.

రాత్రి లెక్క కూడా వేసి చూశాను. బయట 31, స్లాబు ఇంకా పగటి వేడి వదులుతూ ఉంటుంది కాబట్టి దానికి తేడా 10, గోడలకు 8. దీపాలూ టీవీ ఉండవు కాబట్టి ఆ వరుసకు 50. పొడి వేడి 1,180, తేమతో కలిపి 1,500 వాట్లు. 5.2 కిలోవాట్ల మెషీన్ ఆ భారానికి 29 శాతం సమయమే నడవాలి. మిద్దెగది గారు చెప్పిన 5 నిమిషాలు నడక, 12 నిమిషాల ఆగుడు ఎంతవుతుంది? 17లో 5, అదీ 29 శాతమే. ఇంత దగ్గరగా కలవడంలో కొంత అదృష్టం ఉంది, ఒప్పుకుంటాను. దిశ మాత్రం తప్పు కాదు.

క్లాంపుమీటరు:

మిద్దెగది గారూ, మధ్యాహ్నం మెషీన్ ఆన్ చేసి 20 నిమిషాలు ఆగి ఈ ఆరూ రాసి పెట్టండి.

1. ఇండోర్ పైన గాలి లోపలికి పోయే చోట ఉష్ణోగ్రత. 2. బయటికొచ్చే చోట. థర్మామీటర్ మొనను రెక్కల మధ్యకు నాలుగు వేళ్లంత లోపలికి పెట్టండి, అంచున పెడితే గది గాలి కలిసి తప్పు చూపిస్తుంది. 3. అవుట్‌డోర్ వెనక, కాయిల్‌కు ఒక అంగుళం దూరంలో గాలి ఎంత ఉందో. 4. యూనిట్‌కు నాలుగైదు మీటర్ల అవతల నీడలో గాలి. 5. అవుట్‌డోర్‌కు వెళ్లే ఫేజ్ తీగ మీద క్లాంప్ మీటర్ పెట్టి ఆంపియర్లు, పక్కనే నేమ్‌ప్లేట్ మీదున్న అంకె. 6. డ్రెయిన్ పైపు కింద కొలతల మగ్గు పెట్టి గంటకు ఎన్ని నీళ్లో. మొదటి గంట లెక్క వద్దు, పరుపులూ పరదాలూ వదిలే తేమ అందులో కలుస్తుంది.

3కీ 4కీ తేడా చూడటం ఎవరికీ తట్టదు. నాకు ముందు కావాల్సింది అదే.

మిద్దెగది:

లోపలికి 28.5, బయటికి 19. అవుట్‌డోర్ వెనక 49.5, నీడలో 39.5. ఆంపియర్లు 9.4, ప్లేట్ మీద 7.6. వోల్టేజి 226. నీళ్లు మధ్యాహ్నం గంటకు 0.7 లీటరు, రాత్రి దాదాపు ఏమీ లేవు. అవుట్‌డోర్ ఒక గూడులో ఉంది, ముందు అందం కోసం పెట్టిన అడ్డ పట్టీలు ఉన్నాయి.

క్లాంపుమీటరు:

దొరికింది. గూడూ, అడ్డ పట్టీలూ.

యూనిట్ ఊదిన వేడి గాలి పట్టీలకు కొట్టుకుని గూట్లోకే తిరిగొస్తోంది, యూనిట్ దాన్నే మళ్లీ పీలుస్తోంది. బయట 39.5 ఉంటే మీ మెషీన్ 49.5 డిగ్రీల ఊళ్లో కాపురం చేస్తోంది. మామూలుగా కండెన్సర్ (అవుట్‌డోర్ కాయిల్) లోపల గ్యాస్ చిక్కబడే ఉష్ణోగ్రత పీల్చే గాలికంటే 12 నుంచి 15 డిగ్రీలు పైన ఉంటుంది. అంటే మీ దగ్గర 62 నుంచి 65. ఆర్410ఏ క్రిటికల్ ఉష్ణోగ్రత, అంటే అది దాటితే ఎంత ఒత్తిడి పెట్టినా గ్యాస్ ద్రవంగా మారని హద్దు, సుమారు 71. దానికి అంత దగ్గరగా వెళ్లాక ఈ గ్యాస్ కూలింగ్ గబగబా పడిపోతుంది, కంప్రెసర్ ఆంపియర్లు మాత్రం పెరుగుతాయి. ఆర్32కి ఆ హద్దు 78, పాత ఆర్22కి 96. ఇరుకు గూళ్లలో పాత మెషీన్లు ఏదోలా నెట్టుకొచ్చాయంటే అందులో ఇదొక కారణం. కంపెనీలు ప్లేట్ మీద వేసే టన్నులు బయట 35 డిగ్రీలున్నప్పటివని కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఇచ్చేదెంతో చూద్దాం. మీ ఇండోర్ డేటా షీట్‌లో గాలి గంటకు 900 ఘనపు మీటర్లు అనుకుంటే సెకనుకు 250 లీటర్లు. 1.2 × 250 × 9.5 = 2,850 వాట్లు పొడి వేడి. డ్రెయిన్ నీళ్లు ఒక లీటరుకు 0.68 కిలోవాట్లు చొప్పున 0.7 × 680 = 476 వాట్లు. మొత్తం 3.3 కిలోవాట్లు. మీరు కొన్నది 5.2. మీ ఇంట్లో నడుస్తున్నది ఒక టన్నుకు లోపు మెషీన్.

9.5 డిగ్రీల తేడా చూసి చాలామంది "8 నుంచి 12 మధ్యలో ఉంది, ఓకే" అనేస్తారు. ఆ ఒక్క అంకె ఏమీ తేల్చదు. గాలి ఎంత పోతోందో తెలియకుండా తేడాకు అర్థం లేదు. ఫిల్టర్ మూసుకుపోతే తేడా ఇంకా పెరిగి అందంగా కనిపిస్తుంది, చల్లదనం మాత్రం తగ్గుతుంది.

ఫ్లేరునట్టు:

గ్యాస్ తగ్గిందన్న మాట కూడా ఇక్కడే తేలిపోయింది. గ్యాస్ తగ్గితే కంప్రెసర్ మీద బరువు తగ్గుతుంది, ఆంపియర్లు ప్లేట్ అంకెకంటే కిందికి రావాలి. 7.6 ఉండాల్సినచోట 9.4 ఉంటే అది గ్యాస్ తక్కువ కాదు. ఆ మెకానిక్ ఇంకో 200 గ్రాములు ఎక్కించి ఉంటే ఓవర్‌లోడ్ మీద ఆగిపోయేది.

ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే కారింది. కారిన చోటు పట్టకుండా నింపడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

అరటన్ను:

సక్షన్‌లో (కంప్రెసర్ గ్యాస్ పీల్చుకునే పైపులో) ప్రెషర్ గేజ్ 118 చూపిస్తే గ్యాస్ సరిగ్గా ఉన్నట్టే కదా? అందరూ అలాగే చూస్తారు.

ఫ్లేరునట్టు:

ఆర్410ఏకి 118 పీఎస్ఐ అంటే లోపల అది 4.4 డిగ్రీల దగ్గర మరుగుతోందని మాత్రమే. ఎంత గ్యాస్ ఉందో ఆ అంకె చెప్పదు. ఫిల్టర్ మురికైనా, గది చల్లబడినా, బయట వాతావరణం మారినా గేజ్ కదులుతుంది. ముంత సగం ఉన్నా నిండుగా ఉన్నా నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కదా, ఇదీ అంతే.

స్ప్లిట్‌కు నమ్మకమైన దారి తూకం. ఉన్న గ్యాస్‌ను రికవరీ సిలిండర్‌లోకి లాగి, వాక్యూమ్ చేసి, ప్లేట్ మీదున్న గ్రాములు తూచి నింపడం. పైపు కంపెనీ చెప్పిన పొడవుకంటే ఎక్కువుంటే మీటరుకు ఇన్ని గ్రాములని మాన్యువల్‌లో ఉంటుంది, అది కలపాలి. ఆర్410ఏ రెండు గ్యాసుల మిశ్రమం (ఆర్32, ఆర్125 బరువులో సగం సగం), అందుకని ద్రవంగానే ఎక్కించాలి, సిలిండర్ తలకిందులుగా పెట్టి, కొద్దికొద్దిగా.

లీకు వెతకాలంటే ముందు ఫ్లేర్ జాయింట్లు (రాగి గొట్టం అంచు విప్పార్చి నట్‌తో బిగించే అతుకులు) చూడండి. నూనె మరక ఉన్న చోట దుమ్ము అంటుకుని నల్లగా కనబడుతుంది. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పూయండి. ఆక్సిజన్ ఎప్పుడూ వాడకండి, లోపలి నూనెతో కలిస్తే పేలుతుంది. నైట్రోజన్ ప్రెషర్ ఉష్ణోగ్రతతో మారుతుంది: సాయంత్రం 35 డిగ్రీల్లో 4.0 మెగాపాస్కల్ పెడితే తెల్లవారి 25లో 3.87 చూపిస్తుంది. అది లీకు కాదు. చాలా జాయింట్లు ఈ పొరపాటుకే విప్పి, మళ్లీ బిగించి, అప్పుడు నిజంగా లీకవుతాయి.

ఫ్లేర్ నట్ టార్క్: పావు అంగుళానికి 14–18 న్యూటన్ మీటర్లు, 3/8కి 34–42, అర అంగుళానికి 49–61. తక్కువైతే కారుతుంది, ఎక్కువైతే ఫ్లేర్ అంచు పలచబడి కొన్నాళ్లకు చీలుతుంది.

వాక్యూమ్ 500 మైక్రాన్లకు (గొట్టాల్లో మిగిలిన ఒత్తిడి కొలత) దింపి, పంపు వాల్వు కట్టేసి పది నిమిషాలు చూడండి. అంకె కాస్త పెరిగి ఒకచోట నిలబడితే లోపల తడి ఉంది, ఇంకా లాగాలి. ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీకు. "అరగంట పంపు పెట్టాం" అన్నది కొలత కాదు.

హమ్‌శబ్దం:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. అవుట్‌డోర్‌లో ఫ్యాను తిరుగుతోంది, కంప్రెసర్ హమ్ అని నాలుగు సెకన్లు మూలిగి టక్కున ఆగుతోంది. రెండు మూడు నిమిషాలకు మళ్లీ అదే. ఇన్వర్టర్ కాదు. కంప్రెసర్ పోయినట్టేనా?

క్లాంపుమీటరు:

ముందు కెపాసిటర్ (కంప్రెసర్ మోటారు తిరగడానికి ఊతమిచ్చే డబ్బా) చూడండి, సాధారణంగా అదే. మెయిన్ ఆపి, కెపాసిటర్ కాళ్ల మధ్య 10 నుంచి 20 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ పెట్టి ఖాళీ చేయండి. స్క్రూడ్రైవర్‌తో నిప్పురవ్వలు కొట్టించే పద్ధతి వద్దు. తీగలు తీసి మైక్రోఫారాడ్లు కొలవండి. 35 అని రాసుంటే, 5 శాతం అటూఇటూ అంటే 33.25 నుంచి 36.75 మధ్య ఉండాలి. డబ్బా పైభాగం ఉబ్బి ఉంటే కొలవక్కర్లేదు, మార్చేయండి.

కంప్రెసర్ ఎలాగోలా నడుస్తున్నవాళ్లు నడుస్తుండగానే చూడొచ్చు. స్టార్ట్ వైండింగ్ తీగ ఆంపియర్లను 3,183తో గుణించి, కెపాసిటర్ మీది వోల్టులతో భాగించండి. 50 హెర్ట్జ్‌కు ఇది, 60 హెర్ట్జ్ అయితే 2,652. ఉదాహరణకు 3.9 ఆంపియర్లు, 390 వోల్టులు: 31.8 మైక్రోఫారాడ్లు. 35 దాని మీద 9 శాతం పడిపోయింది, మార్చాలి. చేతిలో విద్యుత్ పని అలవాటు లేనివాళ్లు ఈ రెండోది చేయకండి.

కెపాసిటర్ మంచిదైతే, కంప్రెసర్ చల్లారాక మూడు కాళ్ల మధ్య ఓమ్‌లు కొలవండి. రెండు చిన్న విలువల కూడిక మూడోదానికి సమానం కావాలి. ఏ కాలికైనా బాడీకి మధ్య రీడింగ్ వస్తే కంప్రెసర్ పోయినట్టే.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లకో మాట: మెయిన్ ఆపాక కూడా బోర్డు మీద 300 వోల్టులకు పైగా డీసీ నిలిచి ఉంటుంది. పది నిమిషాలు ఆగి, మీటర్ పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

మంచుముద్ద:

ఇండోర్ కాయిల్ మీద మంచు కడితే అది మాత్రం గ్యాసేనా?

ఫ్లేరునట్టు:

మంచు ఎక్కడ కట్టిందో చూడాలి. ముందు కవరు తీసి కాయిల్ మొహం చూడండి. గ్యాస్ లోపలికి వచ్చే మొదటి రెండు మూడు వరుసల్లోనే మంచు ఉండి మిగతా కాయిల్ వెచ్చగా, పొడిగా ఉంటే గ్యాస్ తక్కువ. అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు కూడా తెల్లబడుతుంది. కాయిల్ అంతా ఒకే మందాన మంచు పేరుకుంటే గాలి తక్కువ: ఫిల్టర్, బ్లోయర్ చక్రం, లేదా ఫ్యాను మోటారు. బ్లోయర్ చక్రం రెక్కల్లో మందంగా పేరుకున్న మురికి పైకి కనపడదు, టార్చి వేసి చూడండి. రెక్క వంపు పూడిపోతే చక్రం తిరుగుతూనే ఉంటుంది, గాలి రాదు.

మంచు కరిగేదాకా ఫ్యాన్ మోడ్‌లో పెట్టండి. మంచు ఉండగా గేజ్ పెట్టి గ్యాస్ ఎక్కించడమంత తప్పు పని ఇంకోటి లేదు.

తడిబల్బు:

మిద్దెగది గారి రాత్రి బాధకు వస్తాను, అది గూడు సరిచేసినా పోదు. ఇంకా చెప్పాలంటే మెషీన్ బలం పుంజుకున్నాక కాస్త పెరుగుతుంది కూడా.

కంప్రెసర్ మొదలైన వెంటనే నీళ్లు డ్రెయిన్‌లోకి రావు. ముందు కాయిల్ చల్లబడాలి, అల్యూమినియం రెక్కలన్నీ తడవాలి, రెక్కల మధ్య నీటి చుక్కలు బరువెక్కి జారాలి, కింది తొట్టె నిండాలి. దీనికే పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. మీది 5 నిమిషాలకు ఆగుతోంది. ఆగాక ఇండోర్ ఫ్యాను మాత్రం తిరుగుతూ కాయిల్ మీది తడినంతా మళ్లీ గదిలోకి ఊదేస్తోంది. రాత్రి మగ్గు ఖాళీగా ఉండటానికి కారణం ఇదే. ఏసీ తేమను తీసి, మళ్లీ మీకే ఇస్తోంది.

ఉన్నదానితో చేయగలిగింది: ఫ్యాను వేగం అన్నిటికంటే తక్కువలో పెట్టండి, కాయిల్ ఇంకా చల్లబడి తేమ ఎక్కువ పడుతుంది. డ్రై మోడ్ రాత్రికి వాడి చూడండి. తలుపు కింద సందు మూయండి. సెట్టింగ్ తగ్గించడం మాత్రం పరిష్కారం కాదు. చలితో కూడిన జిడ్డు వస్తుంది, అంతే.

రేపు కొత్తది కొనేటప్పుడు డబ్బా మీది గరిష్ఠ టన్నులు చూడకండి, ఇన్వర్టర్ డేటా షీట్‌లో కనిష్ఠ సామర్థ్యం చూడండి. మీ రాత్రి భారం 1.5 కిలోవాట్లు. కనిష్ఠం 1 కిలోవాటు ఉన్న మెషీన్ రాత్రంతా ఆగకుండా సన్నగా నడుస్తుంది. కనిష్ఠం 2 ఉన్నదైతే ఇన్వర్టర్ అన్న పేరే గానీ మీ గదిలో ఇప్పటిలాగే ఆగుతూ సాగుతూ ఉంటుంది.

చలిపంపు:

అదే మెషీన్‌ను చలికాలం వేడికి వాడేవాళ్లకూ ఇలాంటి లెక్కే ఉంటుందా? బయట 2 డిగ్రీలున్నప్పుడు ముప్పావు గంటకోసారి వేడి ఆగిపోతోంది, అవుట్‌డోర్ నుంచి పొగలాంటిది లేస్తోంది, ఐదారు నిమిషాలకు మళ్లీ మామూలు. పాడైందా?

నీలిమంట:

పాడవలేదు, అది డీఫ్రాస్ట్. వేడి మోడ్‌లో అవుట్‌డోర్ కాయిల్ బయటి గాలికంటే చల్లగా ఉంటుంది, గాలిలో తేమ దాని మీద మంచు కడుతుంది. కాసేపు మెషీన్ వెనక్కి తిరిగి కూలింగ్‌లోకి వెళ్లి ఆ మంచు కరిగిస్తుంది. మీకు కనిపించింది ఆవిరి. 0 నుంచి 4 డిగ్రీల మధ్య తడి గాలిలోనే ఇది ఎక్కువ. మైనస్ 15లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి డీఫ్రాస్ట్‌లు తగ్గుతాయి.

జబ్బు ఎప్పుడంటే: డీఫ్రాస్ట్ అయ్యాక కూడా కాయిల్ అంతా మంచు గోడలా నిలిచి ఉంటే సెన్సారో, నాలుగు దారుల వాల్వో (గ్యాస్ దిశ మార్చి వేడి, కూలింగ్ తిప్పేది), గ్యాసో చూడాలి. కింది పళ్లెంలో మాత్రమే ఐసు గడ్డ ఉంటే పళ్లెం రంధ్రాలు మూసుకున్నాయి. గడ్డను కత్తితో చెక్కకండి, గోరువెచ్చని నీళ్లు పోయండి.

సైజు లెక్కకు ఇప్పటికే గ్యాస్ బాయిలర్ ఉన్నవాళ్లకు అన్నిటికంటే మంచి కొలబద్ద మీటరు. బాగా చలి ఉన్న ఒక రోజు 24 గంటల వాడకం రాసుకోండి, స్నానాల నీళ్లు, వంట తీసేసి. ఉదాహరణకు 11 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 10.5 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) చొప్పున 115, బాయిలర్ 85 శాతం అనుకుంటే ఇంట్లోకి వచ్చింది 98 యూనిట్లు, అంటే సగటున 4.1 కిలోవాట్లు. ఆ రోజు బయట సగటు 0, లోపల 20 అయితే డిగ్రీకి 204 వాట్లు. మీ దగ్గర చలి మైనస్ 8 దాకా వెళ్తుందంటే 28 × 204 = 5.7 కిలోవాట్లు. గోడలు, సందులు, మనుషులు, ఎండ అన్నీ ఆ మీటరు అంకెలోనే ఉన్నాయి. ఇలాంటి ఇళ్లల్లో 24 కిలోవాట్ల బాయిలర్లు కూర్చుని ఉంటాయి.

బాయిలర్ నుంచి హీట్ పంపుకు (ఏసీలాగే నడుస్తూ ఇంటిని వేడిచేసే మెషీన్‌కు) మారేవాళ్లు రేడియేటర్లు మర్చిపోకండి. వాటి మీద రాసిన వాట్లు 75 డిగ్రీల నీళ్లు పోయి 65కి తిరిగొచ్చే లెక్కకు, గది 20లో ఉన్నప్పటివి. అదే రేడియేటర్‌లోకి 45 డిగ్రీల నీళ్లు పోయి 40కి తిరిగొస్తే ఇచ్చేది అందులో 35 శాతమే. హీట్ పంపును తిట్టేముందు రేడియేటర్లు చాలతాయో లేదో లెక్కేయండి. హీట్ పంపు సామర్థ్యం కూడా మీ కనిష్ఠ చలి దగ్గర ఎంతో చూడాలి, 7 డిగ్రీల దగ్గరి అంకె కాదు.

చలిపంపు:

గాలి ఫర్నేస్ (గ్యాస్ మంటతో గాలిని వేడిచేసి గదుల్లోకి ఊదేది) ఉన్నవాళ్లకు? మంట వచ్చి ఆరిపోతుంటే?

నీలిమంట:

ఎంతసేపటికి ఆరుతోందో చూడండి, సగం రోగం అక్కడే తెలుస్తుంది. వెలిగిన కొద్ది సెకన్లకే ఆరితే ఫ్లేమ్ సెన్సార్ కడ్డీకి (మంట ఉందో లేదో కనిపెట్టేది) మసి పట్టింది. మెషీన్ కట్టేసి, సన్న స్టీల్ ఊలుతో మెల్లగా రుద్దితే చాలు. ఇసుక కాగితం వద్దు, గీతలు పడితే ఇంకా తొందరగా మసి పడుతుంది. కొన్ని నిమిషాలు బాగా మండి, మంట ఆరి, బ్లోయర్ మాత్రం తిరుగుతూ ఉంటే లిమిట్ స్విచ్ (వేడి మీరితే మంట ఆపేది) వేడెక్కి కొట్టేసింది. ఫిల్టర్, మూసిన గాలి దారులు, బ్లోయర్ చూడండి. లిమిట్ స్విచ్‌ను వైరుతో కలిపేసి నడిపించేవాళ్లున్నారు, అది ఇల్లు కాల్చుకునే పని. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చినా విప్పి చూడటాలు లేవు, బయటికి వచ్చేసి ఫోన్ చేయాలి.

మిద్దెగది:

అడ్డ పట్టీలు పూర్తిగా తీసేశాం. అవుట్‌డోర్ కాయిల్ వెనక దుమ్ము దుప్పటిలా ఉంది, మెత్తని బ్రష్‌తో తీసి సన్న ధారతో లోపలి నుంచి బయటికి కడిగాం. బ్లోయర్ చక్రం కూడా. నిన్న మధ్యాహ్నం నీడలో 40, అవుట్‌డోర్ వెనక 41. ఆంపియర్లు 7.9. లోపలికి 26, బయటికి 14. నీళ్లు గంటకు 0.7 లీటరు. ఏకంగా 25కి వచ్చి కంప్రెసర్ కట్ అయింది. గ్యాస్ ఎవరూ ముట్టుకోలేదు.

రాత్రి లో ఫ్యాను, డ్రై మోడ్‌తో 0.2 లీటరు వస్తోంది. ఇంకా కాస్త జిడ్డు ఉంది.

క్లాంపుమీటరు:

1.2 × 250 × 12 = 3,600, నీళ్లకు 476. 4.1 కిలోవాట్లు. 40 డిగ్రీల ఎండలో లెక్కకొచ్చిన 3.9 కిలోవాట్ల భారానికి ఇది చాలుతుంది. పట్టీలు తిరిగి పెట్టాలంటే పట్టీకీ పట్టీకీ మధ్య ఖాళీ ఎక్కువుండేలా, యూనిట్ ముందుకు జరిపి దాని మొహం పట్టీలకు ఆనేలా పెట్టండి.

మిద్దెగది:

స్లాబుకు తెల్ల పూత చాలా, పలకలే పరచాలా? కిటికీకి లోపల మందపాటి పరదా ఉంది, అది చాలదా?

తడిబల్బు:

పరదా చాలదు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక పరదా వేడెక్కుతుంది, ఆ వేడి గదిలోనే ఉంటుంది. చాప అయినా, తడక అయినా అద్దానికి బయట కట్టండి, అద్దానికీ దానికీ మధ్య అరచేతి మందాన గాలాడనివ్వండి.

ముందు తెల్ల పూత వేయండి. లెక్కలో స్లాబు వరుసకు 25 బదులు 15 వేస్తే 1,215 కాస్తా 729 అవుతుంది. ఖర్చు తక్కువ, ఒక రోజు పని. కానీ పూత దుమ్ము పడితే మందగిస్తుంది, ఎండాకాలం మొదట్లో ఒకసారి కడగాలి. పూత రాత్రి తేడా కూడా తగ్గిస్తుంది, అంటే రాత్రి కంప్రెసర్ ఇంకా తక్కువ నడుస్తుంది, మీ 0.2 లీటరు 0.1 కావచ్చు. అది చూసి కంగారు పడకండి. పూత వేశాక రాత్రి నడిచే, ఆగే నిమిషాలు ఒక వారం రాసి ఇక్కడ పెట్టండి. దాన్నిబట్టి ఇన్వర్టర్ కనిష్ఠం ఎంతుండాలో చెప్తాను.